మూడున్నర తిప్పులు

ఇది నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదో తరగతి నుంచి రోజూ రాసుకుంటున్న డైరీలో కూడా రాయలేదు. మా నాన్న కారు ఎడమకి తిరిగినంతగా కుడికి తిరగకపోవడానికి కారణం చీరాల మెకానిక్ షెడ్డు సాయిబుగారు కాదు, నేను.

పోయిన ఆదివారం నాన్న చీరాల నుంచి కూరగాయల సంచీతో వచ్చాడు. చెప్పులు విప్పుతూ, "సాయిబుగారు పోయారట. పది రోజులైందట," అన్నాడు. అమ్మతో కాదు, నాతో కాదు, గడపతో చెప్పినట్టు చెప్పాడు. సంచీ అక్కడే వదిలేసి మళ్లీ బయటికి వెళ్లి కారులో కూర్చున్నాడు. తాళంచెవి పెట్టాడు గానీ ఇంజను వేయలేదు. స్టీరింగుని కుడివైపు చివరిదాకా తిప్పాడు. కాసేపాగి ఎడమవైపు చివరిదాకా తిప్పాడు. నిలబడి ఉన్న బండిలో ఆ స్టీరింగు తిప్పడానికి రెండు భుజాల బలమూ కావాలి. నాన్న మెడ మీద నరం ఉబ్బడం నాకు కిటికీలోంచి కనపడింది.

ఆ కబురు విని నాకు ముందు కలిగింది బాధ కాదు. నేను పోతే నాన్న ఇలా వెళ్లి కూర్చుంటాడా అని అనుమానం వచ్చింది. సాయిబుగారి మీద నా కుళ్లు ఆయన పోయినా పోలేదన్నమాట.

సాయిబుగారి షెడ్డు చీరాల నుంచి వాడరేవు వెళ్లే రోడ్డులో ఉండేది. మరమగ్గాల చప్పుడు ఆగిపోయి ఉప్పుగాలి మొదలయ్యే చోట నాలుగు రేకులు, ఒక వేపచెట్టు, చెట్టు కింద పాత జీపులోంచి పీకిన సీటు. షెడ్డు మీద పేరు రాసి లేదు. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లనూ నేను చూడలేదు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గళ్ల లుంగీ మోకాళ్ల దాకా మడిచి కట్టి, చెవి వెనక సుద్దముక్క పెట్టుకుని తిరిగేవాడు. పనికి ఎవరినీ పెట్టుకోలేదు. "ఇద్దరు బిగిస్తే ఎవరి మాట వినాలో బోల్టుకి తెలియదు మాస్టారూ," అనేవాడు.

ఇంజను జబ్బు కనిపెట్టడానికి పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. ఆ సమయంలో ఎవరైనా మాట్లాడితే తిట్టేవాడు కాదు. కళ్లు తెరిచి చూసేవాడు, అంతే. వాళ్లే ఊరుకునేవాళ్లు. మిరప కోతల రోజుల్లో బస్తాలు మోసిన జీపులూ ట్రాక్టర్లూ వచ్చినప్పుడు దగ్గరికి వెళ్లకముందే తుమ్మేవాడు. తుమ్మి, ముక్కు తుడుచుకుని, "ఇది మార్టూరు వైపు కాయ," అనేవాడు. ఒకసారి ఒక డ్రైవరు, "కాదు సాయిబుగారూ, పర్చూరు కాయ," అన్నాడు.

"అయితే మార్టూరు గోతాల్లో పోశారు," అన్నాడు తడుముకోకుండా.

మా నాన్న పగలబడి నవ్వాడు. ఆయనకి పైవరసలో ఎడమపక్క ఒక పన్ను లేదని నాకు ఆ రోజే తెలిసింది. అప్పటికి నాకు పదిహేడేళ్లు దాటాయి.

నాన్న మా ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారు. మా ఊరు పర్చూరుకి దగ్గర. ఎటు చూసినా పత్తి, మిరప, నల్లరేగడి. క్లాసులో నాన్న గొంతు మూడు గదుల అవతలికి వినపడేది. ఇంటికొచ్చేసరికి ఆ గొంతు అయిపోయేది. "మంచినీళ్లు." "ఆ లైటు తీసెయ్యి." "చదివావా?" నేనూ మాటలు తక్కువదాన్నే. అందుకే డైరీ, అందుకే పుస్తకాలు. ఒకే ఇంట్లో ఇద్దరు మాట్లాడనివాళ్లుంటే ఎవరు మొదలుపెట్టాలో తేలదు. నేను నాన్న కోసం ఎదురుచూశాను. నాన్న ఎవరి కోసం ఎదురుచూశాడో చీరాలలో డిగ్రీకి చేరాక తెలిసింది.

శనివారం మధ్యాహ్నం కాలేజీ గేటు దగ్గరికి మా తెల్లకారు వచ్చేది. ఎవరో డాక్టరుగారు వాడి వదిలేసిన కారు. నాన్నకి ఉన్న సరదా అదొక్కటే. నన్ను ఎక్కించుకుని ఇంటికి పోకుండా నేరుగా షెడ్డుకి పోనిచ్చేవాడు. బండికి ఏ జబ్బూ లేకపోయినా, "ఎక్కడో కిర్రుమంటోందండీ," అనేవాడు. సాయిబుగారు ఆ కిర్రు సంగతి ఎత్తకుండా ఎదురు కొట్టులోంచి టీ గ్లాసులు తెచ్చేవాడు. టీ సాసర్లో పోసి మొదటి సాసరు ఎదుటివాళ్లకి ఇచ్చేవాడు. గ్లాసులో అడుగున మిగిలింది ఆయనది. నేను కారులోనే పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. చదివేదాన్ని కాదు, వినేదాన్ని.

ఎన్ని చెప్పేవాడు నాన్న! చిన్నప్పుడు కనిగిరి కొండ ఎక్కుతూ తప్పిపోయిన సంగతి. మొదటిసారి బోర్డు ముందు నిలబడ్డప్పుడు చేతిలో సుద్దముక్క చెమటకి మెత్తబడిపోయిన సంగతి. వాళ్లమ్మ పోయినప్పుడు ఏడుపు రాకపోవడం, ఆర్నెల్ల తర్వాత బస్సులో ఉన్నట్టుండి రావడం. ఆవిడ నాకు నాయనమ్మ. ఆ సంగతి నాకు తెలియాలి కదా. ఇంటికొచ్చి అవన్నీ డైరీలో రాసేదాన్ని. "నాన్న చెప్పాడు" అని రాసి, తర్వాత మధ్యలో పైన "సాయిబుగారితో" అని ఇరికించేదాన్ని.

సాయిబుగారు గొప్పగా బదులు చెప్పేవాడేమీ కాదు. చేతిలో పని ఆపి వినేవాడు. నాన్నకి అది చాలు కాబోలు.

నాతో ఒకసారి మాట్లాడాడు. "ఏం పుస్తకం పాపా?"

"కథలు."

"చివర ఏమవుతుందో ముందే చూసేస్తావా?"

"లేదు."

"మంచిది. నేనూ బానెట్టు ఎత్తకముందు జబ్బు చెప్పను," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన దగ్గర నవ్వకూడదని పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ ఏడాది వానలప్పుడు కారు స్టీరింగు పాడైంది. అది పవర్ స్టీరింగు. నూనె ఒత్తిడి సాయంతో వేలితో తోసినా తిరిగేది. ముందు పంపు కారింది, తర్వాత పైపులు కారాయి, చివరికి చక్రాలను తిప్పే స్టీరింగ్ బాక్సే కారడం మొదలుపెట్టింది. కారు నిలబడ్డచోటల్లా ఎర్రటి మరక. వాకిట్లో ఆ మేర అమ్మ ముగ్గు వేయడం మానేసింది.

సాయిబుగారు మూడు శనివారాలు చూసి చెప్పాడు. "ఈ పవరు తీసేద్దాం మాస్టారూ. ఇదే కారులో పవరు లేని రకం ఉంది. దాని బాక్సు విజయవాడ ఆటోనగర్లో పాతది దొరుకుతుంది. ఈ పంపూ పైపులూ పీకేసి అది బిగిస్తా. ఇక కారడానికి ఏమీ ఉండదు."

"బరువుగా ఉంటుందేమోనండీ."

"ఆగి ఉన్నప్పుడు బరువే. కదిలాక మీ మాట వింటుంది. చక్రం కింద గులకరాయి పడితే మీ అరచేతికి తెలియాలి. ఇప్పుడు మీకూ రోడ్డుకీ మధ్య ఎవరో కూర్చుని అంతా బాగానే ఉంది, అంతా బాగానే ఉంది అని చెబుతున్నాడు."

నాకూ ఒకాయన అలాగే అడ్డం కూర్చున్నాడు అనుకున్నాను వెనకసీట్లో.

ఈ సంగతి తెలిసి పెదనాన్న, అంటే నాన్నకి అన్న, ఇంటికొచ్చి మరీ నవ్వాడు. "ఒరేయ్, లోకమంతా పవర్ స్టీరింగు కావాలని ఏడుస్తుంటే ఉన్నదాన్ని పీకించుకుంటావట్రా? రేపు ఫ్యాను పీకించి విసనకర్ర కొంటావా?"

"సాయిబుగారు చెప్పారన్నయ్యా."

"ఆయన చెబితే టైర్లు కూడా పీకిస్తావు నువ్వు."

నాన్న ఆ శనివారమే కారు తీసుకెళ్లి షెడ్డులో పెట్టాడు. అన్నగారి మాట కాదని నాన్న ఒక పని చేయడం నేను చూడటం అదే మొదలు.

మరుసటి శనివారం కాలేజీ నుంచి నడిచి షెడ్డుకి వెళ్లాను. కారు ముందుభాగం జాకీల మీద లేచి ఉంది. పాత పంపు, పైపులు ఒక గోనెపట్టా మీద పేర్చి ఉన్నాయి. నాన్నా సాయిబుగారూ చెట్టు కింద సీటు మీద అటు తిరిగి కూర్చున్నారు. నేను రావడం చూడలేదు.

"మా అమ్మాయి రాస్తుందండీ," అంటున్నాడు నాన్న. "రోజూ ఏదో రాస్తుంది. ఒకసారి పుస్తకం తెరిచి ఉంటే నాలుగు లైన్లు చదివాను, తప్పేననుకోండి. వానలో తడిసిన పత్తి గురించి. ఎంత బాగుందోనండీ! చెప్పాలనే ఉంటుంది. ఎలా చెప్పాలో తెలియదు."

"నాకు చెబితే ఏం లాభం మాస్టారూ? ఆ పాపకి చెప్పండి."

"చెబుతా, చెబుతా."

పుట్టిన దగ్గర్నుంచీ నేను ఎదురుచూసిన మాట అది. నాన్న దాన్ని తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాడు. ఆయనేమో జాలిపడి నాకు ఇప్పించబోయాడు. ఆ జాలికే నాకు ఎక్కువ మండింది. రెండడుగులు వెనక్కి వేసి, అప్పుడే వచ్చినట్టు చెప్పులు చప్పుడు చేస్తూ వచ్చాను.

పని చివరికొచ్చింది. పెద్ద మరమ్మతు అయ్యాక బండి కదిలేముందు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాలి. సాయిబుగారే ఎప్పుడూ షెడ్డులో ఉంచేవాడు. "మీకు నమ్మకం, నాకు అలవాటు," అనేవాడు. ఆ రోజు అయిపోయాయి. నాన్న తేవడానికి వెళ్లాడు.

"పాపా, చిన్న సాయం చెయ్యి," అన్నాడు సాయిబుగారు. "నేను కిందుంటే పైన స్టీరింగు పట్టుకునేవాళ్లు కావాలి. ఎడమ చివర నుంచి కుడి చివరిదాకా తిప్పి ఎన్ని తిప్పులో చెప్పు. అందులో సగం వెనక్కి తిప్పి గట్టిగా పట్టుకో. అక్కడ నేను చక్రాలు తిన్నగా పెట్టి బిగించేస్తా. సరిగ్గా సగంలో బిగిస్తేనే బండి రెండువైపులా సమానంగా తిరుగుతుంది."

లెక్క తప్పకుండా స్టీరింగుకి ఒక ఎర్రదారం కట్టాడు.

"నేనా?" అన్నాను.

"లెక్కల మాస్టారి కూతురివి, నీ లెక్క తప్పుతుందా!" అని నవ్వి కారు కిందికి దూరాడు.

తిప్పాను. ఎర్రదారం ఒకసారి చుట్టి వచ్చింది. రెండు. మూడు. నాలుగు. సరిగ్గా నాలుగు దగ్గర ఆగింది.

"ఎన్ని పాపా?"

"మూడున్నర."

"మూడున్నరేనా?"

"అవునండీ."

"సరే. అయితే ఒకటీ ముప్పావు వెనక్కి తిప్పి పట్టుకో."

పట్టుకున్నాను. కింద స్పానరు తిరుగుతున్న అదురు నా చేతుల్లోకి వస్తోంది. ఎవరికీ దెబ్బ తగలాలని కాదు. ఆ ఊసే నాకు తట్టలేదు. ఆయన చేసిన పని ఒక్కటైనా తప్పు కావాలి, దాన్ని నాన్న చూడాలి. అంతే అనుకున్నాను.

నాన్న నిమ్మకాయలు తెచ్చాడు. సాయిబుగారు వంగి వంగి తనే నాలుగు చక్రాల కిందా పెట్టాడు. కారు వాటిని తొక్కుకుంటూ రోడ్డెక్కింది. తిన్నని రోడ్డు మీద ఏ తప్పూ కనపడలేదు. అర కిలోమీటరు పోయి తిరిగొచ్చి నాన్న పిల్లాడిలా అరిచాడు. "సాయిబుగారూ! రోడ్డు తెలుస్తోందండీ చేతికి!" సాయిబుగారు చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. నేను కూడా నవ్వాల్సొచ్చింది.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం నాన్న నన్నూ పెదనాన్న వాళ్లనూ కారులో వాడరేవు తీసుకెళ్లాడు. సముద్రం చూపించడానికి కాదు, స్టీరింగు చూపించడానికి. "చూడన్నయ్యా, ఎలా వింటోందో," అని దారంతా చెబుతూనే ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు వాడరేవు ఊరి మొదట్లో బండి కుడికి మళ్లించాలి. ఎప్పుడూ మళ్లించే చోటే. నాన్న చివరిదాకా తిప్పాడు. ఇంకా తిరగాల్సిన స్టీరింగు ఠక్కున ఆగిపోయింది. కారు రోడ్డు దాటి, అవతల ఇసుకలో ఎండబెట్టిన చేపల మీదికెక్కి ఆగింది.

"ఏంది బాబూ, ఇంత రోడ్డు చాల్లేదా నీకు!" బుట్ట అక్కడే పడేసి ఒకావిడ పరిగెత్తుకొచ్చింది. "పొద్దుననగా ఆరబోసుకుంటే బండి తోలుకొచ్చావు!"

"పైగా కళ్లజోడు కూడానూ!" అంది ఇంకొకావిడ. చుట్టూ మూగినవాళ్లు నవ్వారు. ఆ గుంపులోంచే ఎవరో కుర్రాడు, "అరె, మా లెక్కల మాస్టారు!" అన్నాడు.

నాన్న దిగి దణ్ణం పెట్టాడు. ఇసుకలో వంగి, చెదిరిపోయిన చేపలను ఒక్కొక్కటే ఏరి మళ్లీ వరసగా పేర్చడం మొదలుపెట్టాడు. పెదనాన్న కారు దిగలేదు. కిటికీలోంచి అందరికీ వినపడేలా, "పవరు తీయించుకున్నాడండీ మావాడు, దాంతోపాటు తిరగడం కూడా తీయించుకున్నాడు!" అన్నాడు. నేను కూడా దిగి చేపలు ఏరాను.

మర్నాడు నన్ను కాలేజీలో దింపాల్సినవాడు నేరుగా షెడ్డుకి పోనిచ్చాడు. "కుడికి తిరగట్లేదు," అన్నాడు కారు దిగకుండానే.

సాయిబుగారు కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగుని ఒక చివర నుంచి ఇంకో చివరికి మెల్లగా తిప్పాడు. పెదాలు కదిలాయి. నాలుగు దగ్గర ఆగాయి. తర్వాత నాన్న భుజం మీదుగా వెనకసీట్లో ఉన్న నా వైపు చూశాడు. నేను పుస్తకంలోకి తల దించాను.

"పొరపాటు నాదే మాస్టారూ. సరిగ్గా సగంలో బిగించలేదు. బండి ఉంచండి. గంటలో సరిచేస్తా."

ఇంకో రోజైతే నాన్న ఉంచేవాడే. నిన్నటి నవ్వులు ఇంకా చెవుల్లో ఉన్నాయి కాబోలు. "మా అన్నయ్య నవ్వుతున్నా మిమ్మల్ని నమ్మాను," అన్నాడు. "సగమంటే ఎంతో తెలియనివాడి చేతిలో బండి పెట్టానని తెలుసుకోలేకపోయాను."

క్లాసులో మొద్దు పిల్లలతో మాట్లాడే గొంతు అది. సాయిబుగారు గుడ్డముక్కతో చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. "నేనే తప్పు చెప్పాను." మూడు మాటలు అంటే సరిపోయేది. కారు వెనక్కి మళ్లి, రోడ్డెక్కి, కాలేజీ గేటు ముందు ఆగేదాకా ఆ మూడు మాటలు నా నోట్లోనే ఉన్నాయి.

నాన్న మళ్లీ ఆ షెడ్డుకి వెళ్లలేదు. వేరేచోట చూపించినప్పుడు అక్కడి మెకానిక్, "కుడిపక్క సరిచేయమంటారా మాస్టారూ?" అని అడిగితే, "వద్దు, అలాగే ఉండనీ," అన్నాడు. ఇరుకు రోడ్డులో కుడికి తిరగాలంటే చివరిదాకా తిప్పి, ఆపి, వెనక్కి తీసి, మళ్లీ తిప్పుతాడు. ఏడేళ్లుగా అంతే. ప్రతిసారీ పక్కన నేనుంటే నేను కిటికీలోంచి బయటికి చూస్తాను.

శనివారాలు నాన్న పెందలాడే ఇంటికి రావడం మొదలుపెట్టాడు. నేను కోరుకున్నది అదే. వరండాలో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చునేవాడు. సాయిబుగారితో చెప్పిన మాటలన్నీ ఇక నావైపు వస్తాయనుకున్నాను. రాలేదు. అవి ఎక్కడికీ పోలేదు, నాన్న లోపలే ఉండిపోయాయి. ఒక శనివారం కావాలనే డైరీ బల్ల మీద తెరిచిపెట్టాను, పత్తి గురించి రాసిన పేజీ. తలుపు చాటు నుంచి చూస్తున్నాను. నాన్న వచ్చాడు. చూశాడు. డైరీ మూసి, ఫ్యాను గాలికి తెరుచుకోకుండా పైన పెన్ను పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నాకు మిగిలింది ఆ మూడున్నర ఒక్కటే. సిగ్గు లేకుండా చెప్పాలంటే దాన్ని దాచుకున్నాను. మా నాన్న బతుకులో సాయిబుగారికి తెలియనిది, నాకు మాత్రమే తెలిసినది ఒక్కటైనా ఉందని. ఆ రోజు ఆయన చూసిన చూపుని మాత్రం లెక్కలోకి తీసుకోకుండా జాగ్రత్తపడ్డాను.

రెండేళ్ల క్రితం ఏదో పనిమీద చీరాల వెళ్లినప్పుడు బస్సు దిగి, నా కాళ్లు నన్ను అడక్కుండానే షెడ్డు వైపు నడిచాయి. ఆయన చెట్టు కింద సీటు మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. షెడ్డులో ఒక్క బండీ లేదు. నన్ను గుర్తుపట్టి, లేవబోయి, లేవలేక నవ్వాడు. టీ ఎదురు కొట్టతనే తెచ్చిచ్చాడు. సాయిబుగారు మొదటి సాసరు నాకే ఇచ్చాడు.

"మాస్టారు కుడికి తిరగాలంటే ఇంకా వెనక్కి తీస్తున్నారు కదా?" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"చూస్తుంటానుగా. అప్పుడప్పుడూ ఇక్కడిదాకా వస్తారు. అదిగో, ఆ కరెంటు స్తంభం దగ్గర బండి తిప్పుకుంటారు. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. తిప్పుకుని వెళ్లిపోతారు. దిగరు."

నాన్న ఇక్కడికి వస్తున్నాడని ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు తెలియదు. మళ్లీ ఈయనకే తెలుసు. పాత మంట మళ్లీ లేచింది. దాంతోపాటు ఇన్నేళ్లుగా ఆగిపోయినది కూడా వచ్చేసింది.

"ఆ రోజు నాలుగు తిప్పులండీ. మూడున్నర కాదు. తెలిసే చెప్పాను."

ఆయన సాసర్లో టీ వైపు చూశాడు. "నాలుగేనమ్మా. మాస్టారు కుడికి తిరగట్లేదు అనగానే తెలిసింది."

"మరి నా పేరు చెప్పలేదేం?"

ఆయన తన సాసరు సీటు మీద పెట్టాడు. నేను లేచాను. కళ్లనీళ్లు తుడుచుకుని, "ఈరోజే ఇంటికెళ్లి నాన్నకి చెప్పేస్తాను," అన్నాను. ఆయన నా చేతిలోని ఖాళీ సాసరు తీసుకుని, తన సాసరు మీద బోర్లించాడు.

"వద్దమ్మా. నా మీద కోపమైతే ఆయన మోయగలడు."